కిరాయి ఇళ్ళలో, దుకాణాల్లో కరెంటు భద్రత - యజమానుల బాధ్యత
(సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో పిల్లల చదువు గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకుంటున్నాం. అవన్నీ అవసరమైన విషయాలే. ఈసారి కార్యదర్శి గారు నన్ను కరెంటు భద్రత గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బడిలో సైన్సు ఉర్దూలో చెప్పేవాణ్ణి కాబట్టి నా తెలుగులో ఉర్దూ మాటలు దొర్లితే పెద్దలు సర్దుకోవాలని మనవి.

ఇది ఇంజనీర్ల సంగతి గదా, మన సంఘానికేమిటి సంబంధం అని ఎవరైనా అడగవచ్చు. మన కర్నూలు పాతబస్తీని ఒకసారి తలచుకోండి. ఒక్కొక్క ఇల్లు మూడు నాలుగు పోర్షన్లుగా కిరాయికి ఇచ్చి ఉంటుంది. ముందు భాగంలో టైలరు కొట్టో, ఇస్త్రీ బండో, జిరాక్సు దుకాణమో, చికెన్ సెంటరో. మస్జిదులకు కూడా దుకాణాలున్నాయి. వాటి కిరాయిల మీదనే మస్జిదు ఖర్చులు నడుస్తాయి. అంటే మనలో కొందరు ఇళ్ళ యజమానులు, చాలామంది కిరాయిదారులు, మరికొందరు దుకాణదారులు. పైగా మన కుర్రవాళ్ళలో ఎందరో ఎలక్ట్రిషియన్లు, మోటారు వైండింగు చేసేవాళ్ళు, ఏ.సి. మెకానిక్కులు. జబ్బూ మన ఇంట్లోనే ఉంది, వైద్యుడూ మన ఇంట్లోనే ఉన్నాడు.

నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఒక్కటే. స్విచ్చి వేస్తే బల్బు వెలిగింది, ఫ్యాను తిరిగింది, కాబట్టి అంతా బాగుందని మనం అనుకుంటాం. ఎర్త్ తెగిపోయినా బల్బు వెలుగుతుంది. వైరు తొడుగు చీలినా ఫ్యాను తిరుగుతుంది. కరెంటు పని చేస్తున్నదా అనేది ఒక ప్రశ్న, ప్రాణానికి హాని లేకుండా పని చేస్తున్నదా అనేది వేరే ప్రశ్న. ఈ రెండో ప్రశ్నకు జవాబు పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్ష చేయించవలసింది కిరాయి తీసుకునేవాడు, దుకాణం నడిపేవాడు.

కొద్దిగా లెక్క చెబుతాను, విసుక్కోకండి. మన ఇళ్ళకు వచ్చేది 230 ఓల్టుల కరెంటు. మనిషి ఒంట్లో 1 మిల్లీ యాంపియరు పారితే చిమచిమలాడుతుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్న వస్తువును వదలలేడు. 30 దాటి కొద్దిసేపు పారితే ఊపిరి ఆగవచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఇక 10 వాట్ల చిన్న ఎల్.ఇ.డి. బల్బు వెలగడానికి తీసుకునే కరెంటు 40 మిల్లీ యాంపియర్ల పైమాటే. అంటే గోడ మీద వెలిగే ఆ చిన్న బల్బుకు చాలే కరెంటు ఒక మనిషి ప్రాణం తీయడానికి కూడా చాలు.

"మా బోర్డులో ఎం.సి.బి. ఉంది, భయం లేదు" అని చాలామంది అంటారు. 16 యాంపియర్ల ఎం.సి.బి. అంటే 16,000 మిల్లీ యాంపియర్లు. మనిషి ఒంట్లో 50, 100 మిల్లీ యాంపియర్లు పారుతుంటే దానికి తెలియనే తెలియదు. అది వైర్లను కాపాడటానికి పెట్టిన సాధనం. మనిషిని కాపాడేవి రెండు. ఒకటి సరైన ఎర్త్. రెండోది ఆర్.సి.సి.బి. అనే సాధనం. వెళ్ళిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని ఇది ఎప్పుడూ చూస్తుంటుంది. తేడా 30 మిల్లీ యాంపియర్లకు చేరేలోగా, రెప్పపాటులో సరఫరా కోసేస్తుంది. మన దేశపు విద్యుత్ భద్రతా నియమాలు ఇళ్ళకు చెప్పిన హద్దు కూడా ఈ 30 మిల్లీ యాంపియర్లే. ఒక చిన్న పోర్షనుకు దీన్ని పెట్టించే ఖర్చు ఒక నెల కిరాయిని మించదు.

ఇక ఎర్త్ సంగతి. మూడు పిన్నుల ప్లగ్గులో పైనున్న పిన్ను లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందని బడిలో పిల్లలను అడుగుతుంటాను. ప్లగ్గు పెట్టేటప్పుడు అది ముందుగా తగలాలి, తీసేటప్పుడు చివరగా వదలాలి. వస్తువు ఇనుప ఒంటికి కరెంటు తగిలినా మనిషి మీదుగా పోకుండా భూమిలోకి దారి చూపేది ఆ పిన్నే. మనం ఏం చేస్తున్నాం? సాకెట్టులో పట్టడం లేదని ఆ పిన్నునే విరగ్గొడుతున్నాం. మూడు పిన్నుల వస్తువుకు రెండు పిన్నుల ప్లగ్గు బిగిస్తున్నాం. ప్రాణం కాపాడే భాగాన్నే తీసి పారేస్తున్నాం.

ఇంతకన్నా ప్రమాదమైన పని మరొకటి కొన్ని చోట్ల జరుగుతున్నది. ఎర్త్ గుంత తవ్వే ఖర్చు ఎందుకని సాకెట్టు వెనుక న్యూట్రలు వైరును ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. టెస్టు బల్బు పెట్టి చూస్తే చక్కగా వెలుగుతుంది, యజమాని సంతోషిస్తాడు. ఎప్పుడో ఒకనాడు బయట న్యూట్రలు తెగుతుంది. ఆ క్షణం నుంచి ఫ్రిజ్ తలుపు, కూలరు రేకు, వాషింగ్ మిషను ఒళ్ళు అన్నీ 230 ఓల్టుల మీద నిలుస్తాయి. ఈ పని చేసిన ఎలక్ట్రిషియను తమ్ముళ్ళు ఎవరైనా ఈ సభలో ఉంటే, రేపే వెళ్ళి ఆ ముక్క తీసేయమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

నీళ్ళ పైపుకు ఎర్త్ కట్టడం కూడా అలాంటిదే. ఒకప్పుడు ఇనుప పైపులుండేవి, ఏదో నడిచింది. ఇప్పుడు మధ్యలో ఎక్కడో ప్లాస్టిక్ పైపు వేసి ఉంటుంది. ఇక ఆ ఎర్త్ భూమికి చేరదు; పక్క పోర్షనులో కుళాయి తిప్పే పిల్లకు చేరుతుంది.

మన ప్రాంతం సంగతి వేరుగా చెప్పుకోవాలి. మనది రాతి నేల. ఎండాకాలంలో నేల బీటలు వారుతుంది. ఎండిన నేలలో ఎర్త్ సరిగా పని చేయదు. సరిగ్గా ఆ నెలల్లోనే ఇంటింటా కూలర్లు బయటికి వస్తాయి. రేకు ఒళ్ళు, లోపల నీళ్ళు, చిన్న పంపు, కింద తడిసిన నాపరాయి బండలు, చెప్పులు లేని కాళ్ళు. ఇన్ని ఒక్క చోట చేరిన వస్తువు ఇంట్లో మరొకటి లేదు. ప్లగ్గు తీయకుండా కూలరులో నీళ్ళు పోయకూడదు. ఎర్త్ గుంతకు వేసవిలో నీళ్ళు పోస్తుండాలి. ఇంకొక మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర వరద మన ఊరిని ముంచింది. ఆనాడు గోడల్లోని పైపుల్లోకి, బోర్డుల్లోకి బురద నీరు పోయింది. ఇళ్ళు కడుక్కున్నాం, సున్నం వేసుకున్నాం. వైరింగు మార్చారా? మార్చని ఇల్లు ఉంటే అందులో కిరాయికి ఎవరున్నారో ఆ యజమాని ఒక్కసారి ఆలోచించాలి.

ఇంతవరకు షాకు గురించి చెప్పాను. ఇక నిప్పు గురించి. ప్లగ్గు వదులుగా ఉంటే ఆ చోట నిరోధం పెరుగుతుంది. అది అర ఓమ్ అనుకోండి. దాని గుండా 10 యాంపియర్లు పారితే 50 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు చేసేవారు టంకానికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అలాంటివి రెండు తీసుకుని ప్లాస్టిక్ ప్లగ్గులో దూర్చి రాత్రంతా వదిలేసినట్టన్న మాట. ఇక్కడా ఎం.సి.బి. పడదు, ఎందుకంటే కరెంటు ఎక్కువ కాలేదు. ముందు వాసన వస్తుంది, తర్వాత నల్లబడుతుంది, ఆ తర్వాత మంట.

ఇవి పుస్తకాల మాటలు కావు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు రేగి 8 మంది పోయారు. 2025 మే 18న హైదరాబాదులో చార్మినారు దగ్గర గుల్జార్ హౌజ్‌లో పాత ఇంట్లో అగ్ని ప్రమాదం జరిగి 17 మంది చనిపోయారు. అందులో పసిపిల్లలున్నారు. కింద దుకాణాలు, పైన సంసారాలు, దిగడానికి ఇరుకైన దారి. విద్యుత్ లోపమే కారణమై ఉంటుందని అధికారులు అప్పుడు చెప్పారు. మన పాతబస్తీలో అలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

ధనిక దేశాల్లో జరగవా అంటే జరుగుతాయి. 2017 జూన్ 14న లండనులో గ్రెన్‌ఫెల్ టవరు అనే భవనం కాలిపోయి 72 మంది మరణించారు. నాలుగో అంతస్తులో ఒక ఇంటి ఫ్రిజ్‌లో నిప్పు మొదలైంది. భవనానికి బయట వేసిన తొడుగు అంటుకోవడం వల్ల మంట పైదాకా పాకింది. అది రంజాన్ నెల. సహరీ కోసం మేలుకుని ఉన్న ముస్లింలు కొందరు ఇరుగుపొరుగు వారి తలుపులు కొట్టి లేపారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఇంగ్లాండులో 2020లో కిరాయి ఇళ్ళకు నియమాలు వచ్చాయి. ఇంటి యజమాని కనీసం ఐదేళ్ళకొకసారి అర్హత గల వ్యక్తి చేత వైరింగు పరీక్ష చేయించాలి. ఆ రిపోర్టు కాపీని 28 రోజుల్లో కిరాయిదారుకు ఇవ్వాలి. స్కాట్లాండులోనైతే యజమాని ఇంట్లో ఉంచిన కరెంటు వస్తువులను కూడా పరీక్ష చేయించాలి.

ఐదేళ్ళ మాట మనకు కొత్త కాదు. మన దేశంలో 1956 నాటి విద్యుత్ నియమాల్లోనే, ఐదేళ్ళకు మించకుండా తనిఖీ జరగాలని రాసి ఉంది. తర్వాత 2010లోను, 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ కొత్త భద్రతా నియమాలు తెచ్చింది. నియమాలకు కొదవ లేదు. ప్రతి పోర్షనుకు, ప్రతి కొట్టుకు ఎవరో అధికారి వచ్చి చూస్తాడని కూర్చుంటే మాత్రం పని జరగదు.

మరి పరీక్ష అంటే ఏం చేస్తారు? నాలుగు మెట్లుగా చెబుతాను.

మొదటిది కళ్ళతో, ముక్కుతో చేసేది. ప్లగ్గు పగిలిందా, వైరుకు టేపు చుట్టి ఉందా, సాకెట్టు చుట్టూ నల్లబడిందా, కాలిన వాసన వస్తున్నదా, ఒక ఎక్స్‌టెన్షను బోర్డుకు మరో బోర్డు తగిలించారా, ఫ్యూజులో సరైన తీగకు బదులు లావు రాగి తీగ వేశారా. దీనికి పైసా ఖర్చు లేదు. చాలా లోపాలు ఈ మెట్టు మీదనే దొరుకుతాయి. ఇస్త్రీ పెట్టె తీగ మెడ దగ్గర చీలిందా అని టైలరు అన్న రోజూ పొద్దున చూసుకోవచ్చు.

రెండోది ఎర్త్ దారి పరీక్ష. ప్లగ్గు తీసి, మీటరు ఒక ముల్లు ఎర్త్ పిన్నుకు, రెండోది వస్తువు ఇనుప ఒంటికి ఆనించాలి. నిరోధం ఒక ఓమ్ కన్నా బాగా తక్కువ చూపాలి. వస్తువు మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే దానికి రెండు పొరల తొడుగు ఉన్నట్టు; దానికి ఎర్త్ అక్కరలేదు. సెల్ ఫోను చార్జర్ల మీద ఈ గుర్తు చూడవచ్చు.

మూడోది తొడుగు పరీక్ష. దీనికి మెగ్గర్ అనే పరికరం కావాలి. పైపు కారుతున్నదా అని చూడటానికి ఒత్తిడితో నీళ్ళు పంపుతాం గదా, అలాగే ఇది 500 ఓల్టుల డి.సి. పంపి, తొడుగు నుంచి కరెంటు కారుతున్నదా అని చూస్తుంది. కనీసం 1 మెగోమ్ చూపాలి. ఇది తెలిసినవాడే చేయాలి. మెయిను ఆపి, టి.వి., కంప్యూటరు వంటివి తీసివేసి చేయాలి.

నాలుగోది ఆర్.సి.సి.బి. పరీక్ష. దాని మీద చిన్న బటను ఉంటుంది. నెలకొకసారి నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది చెడిపోయినట్టే, వెంటనే మార్పించండి. ఇంటావిడ కూడా చేయగల పరీక్ష ఇది.

ఈ పరీక్షలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. తేదీ, వస్తువు పేరు, ఏం కనబడింది, ఏం చేశాం, ఎవరు చేశారు, సంతకం. వడ్డీ లేని బదులుకే కాగితం రాసుకుంటాం. ప్రాణాల విషయంలో రాసుకోవద్దా?

ఇప్పుడు అసలు చిక్కు. ఖర్చు ఎవరిది? యజమాని అంటాడు, "వచ్చే కిరాయి ఎంత, నేను పెట్టేదెంత?" అని. కిరాయిదారు అంటాడు, "రేపు ఖాళీ చేయమంటే పోయేవాణ్ణి, ఈ ఇంటికి నేనెందుకు పెట్టాలి?" అని. ఇద్దరి మధ్య ఆ వైరు అనాథ అయిపోతుంది. నా అభిప్రాయం ఇది. గోడలోని వైరింగు, బోర్డు, ఎర్త్, ఆర్.సి.సి.బి., ఇంటితోపాటు ఇచ్చిన ఫ్యాన్లు, గీజరు, నీళ్ళ మోటారు యజమాని బాధ్యత. కిరాయిదారు తెచ్చుకున్న కూలరు, ఇస్త్రీ పెట్టె, హీటరు రాడ్డు అతని బాధ్యత. దుకాణంలో పనివాళ్ళు ముట్టుకునే ప్రతి వస్తువూ దుకాణదారు బాధ్యత. పనిలో చేరిన పన్నెండో రోజు కుర్రవాడికి గ్రైండరు షాకు కొడుతుందని ఎలా తెలుస్తుంది? మనమే తెలుసుకుని ఉండాలి.

యజమాని సోదరులకు ప్రత్యేకంగా ఒక మాట. "ఇంట్లో షాకు కొడుతున్నది" అని చెప్పడానికి కిరాయిదారు భయపడుతున్నాడు. చెబితే ఖాళీ చేయమంటారేమో, కిరాయి పెంచుతారేమో అని. అందుకని కర్ర చెక్క మీద నిలబడి స్విచ్చి వేసుకుంటాడు, పిల్లలకు "అది ముట్టుకోకు" అని చెప్పి ఊరుకుంటాడు. ఆ భయం మనం కలిగించినదే. కిరాయిదారు ఇచ్చిన అడ్వాన్సు అమానత్ అని రూపాయి తక్కువ కాకుండా తిరిగి ఇస్తాం. ఆ ఇంట్లో పడుకునే పిల్లల ప్రాణాలు దానికన్నా పెద్ద అమానత్. రాత్రి పడుకునే ముందు దీపాలు ఆర్పమని మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం బోధించిన సంగతి మీకందరికీ తెలుసు. నూనె దీపం ఒత్తి వల్ల ఇల్లు కాలకూడదని పద్నాలుగు వందల ఏళ్ళ కిందట జాగ్రత్త చెప్పిన దీన్ మనది. ఇవాళ ఆ ఒత్తి గోడ లోపల ఉంది, అంతే తేడా.

మస్జిదు కమిటీ వారికి కూడా మనవి. వజూ చేసి తడి కాళ్ళతో మోటారు స్విచ్చి వేసేది ముఅజ్జిన్ సాహెబ్. ఎర్త్ లేని యాంప్లిఫయరుకు తగిలించిన ఇనుప మైకును పెదవుల దగ్గర పెట్టుకునేది ఇమామ్ సాహెబ్. ముందు అక్కడ పరీక్ష చేయించండి. పండుగలకు, పెళ్ళిళ్ళకు షామియానా ఇనుప గుంజలకు సీరియల్ బల్బుల తీగలు చుట్టేటప్పుడు ఎక్కడా అతుకు తేలకుండా చూడండి. వీధి తీగకు కొక్కెం వేసి కరెంటు లాగడం దొంగతనమూ అవుతుంది, ప్రాణాంతకమూ అవుతుంది.

వస్తువులు కొనేటప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. పది రూపాయలు తక్కువని గుర్తు లేని వైరు, హీటరు రాడ్డు కొనకండి. ఎవరికైనా షాకు కొడితే పరుగెత్తి పట్టుకోకండి. ముందు మెయిను ఆపండి, కుదరకపోతే పొడి కర్రతో విడదీయండి, 108కి ఫోను చేయండి. కరెంటు మంట మీద నీళ్ళు పోయకండి; 101కి ఫోను చేయండి.

చివరగా సంఘానికి నా సూచన. ఒక మెగ్గరు, ఒక మంచి మల్టీమీటరు సంఘం డబ్బుతో కొందాం. లైసెన్సు ఉన్న ఒక ఎలక్ట్రిషియను అన్న పర్యవేక్షణలో ఐ.టి.ఐ. చదివిన ఇద్దరు కుర్రవాళ్ళను ఈ పనికి పెడదాం. ఇంటికి కొద్దిపాటి రుసుము పెడితే వాళ్ళకూ నాలుగు రూపాయలు వస్తాయి. వితంతువుల ఇళ్ళకు ఉచితంగా చేద్దాం. ముందు మస్జిదులు, తర్వాత మస్జిదు దుకాణాలు, తర్వాత కిరాయి పోర్షన్లు. వేసవి కూలర్లు బయటికి రాకముందే మొదటి విడత పూర్తి కావాలి. ఎన్ని ఇళ్ళు చూశామో, ఎన్నిట్లో లోపం దొరికిందో, ఎన్ని బాగు చేశామో వచ్చే వార్షిక సంచికలో అచ్చు వేయాలని కోరుతున్నాను.

అల్లాహ్ మన ఇళ్ళను, మన ఇళ్ళలో కిరాయికున్నవారిని, మన దుకాణాల్లో పనిచేసే పిల్లలను ఆపదల నుంచి కాపాడుగాక. మన వంతు జాగ్రత్త మనం తీసుకునే బుద్ధిని కూడా ప్రసాదించుగాక. ఆమీన్.